దారిలో టైరు దిగితే: స్టెప్నీ మార్చడం నుంచి పంక్చర్ వేయించడం దాకా

స్టెప్నీ మార్చడం అరగంటలో అయిపోయే పని. అదే పని రోడ్డు పక్కన రెండు గంటలు పట్టిందంటే కారణం ఎక్కువగా ఈ మూడిట్లో ఒకటి: స్టెప్నీలోనే గాలి లేదు, నట్లు ఊడిరావడం లేదు, జాకీ ఎక్కడ ఆనించాలో తెలియడం లేదు. మూడూ ఇంటి దగ్గరే, పగటి వెలుతురులో, చదునైన నేల మీద ముందుగా తేల్చుకోగలిగినవే. కాబట్టి మీరు మొదటిసారి టైరు మార్చేది హైవే పక్కన చీకట్లో కాకుండా మీ ఇంటి ముందే అయ్యేలా చూసుకోండి.

ముందుగా ఇంటి దగ్గర

డిక్కీలో పరిచిన అట్ట ఎత్తి స్టెప్నీ చూడండి. కొన్ని బండ్లలో అది వెనక కింది భాగంలో వేలాడుతూ ఉంటుంది. అలాంటిదైతే బంపర్ దగ్గరి రంధ్రంలో రాడ్డు పెట్టి తిప్పుతూ కిందికి దింపాలి. కింద ఉండే స్టెప్నీకి బురద, నీళ్లు తగులుతూనే ఉంటాయి కాబట్టి దాన్ని దింపే గొలుసు తుప్పుతో బిగుసుకుపోతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లైనా దింపి ఎక్కించకపోతే అవసరానికి అది కదలదు.

స్టెప్నీలో గాలి ఎంతుందో గేజ్ పెట్టి చూడండి. చేత్తో నొక్కితే గట్టిగానే ఉందనిపించే టైరులో సగం గాలే ఉండవచ్చు. మిగతా నాలుగు టైర్ల సైజులోనే ఉన్న స్టెప్నీ అయితే కంపెనీ చెప్పిన దానికంటే రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువే పెట్టి ఉంచండి. నెలల తరబడి కదలకుండా పడి ఉన్నా గాలి కొంత తగ్గుతూనే ఉంటుంది. ఎక్కువుంటే తీయడం క్షణం పని, తక్కువుంటే రోడ్డు మీద దిక్కుండదు. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే లెక్క వేరు. అలాంటి టైర్లలో చాలావాటికి 60 పీఎస్‌ఐ గాలి కావాలి. ఆ అంకె టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. మామూలు టైరులా 32 పెట్టి వదిలేస్తే, బండి బరువు పడగానే అది సగం దిగినట్టు అణిగిపోతుంది.

తర్వాత సామాన్లు: జాకీ, దాన్ని తిప్పే రాడ్డు, వీల్ పానా, బండిని లాగే కొక్కెం. అలాయ్ వీల్స్ ఉన్న కొన్ని బండ్లలో ప్రతి చక్రానికి ఒక లాక్ నట్టు ఉంటుంది. దానికి మామూలు పానా పట్టదు, బండితో వచ్చిన చిన్న తాళం లాంటి ముక్క కావాలి. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆ ముక్క బయటికి తీసి మళ్లీ డిక్కీలో పెట్టడం మర్చిపోవడం తరచూ జరుగుతుంది. ప్రతి సర్వీసు తర్వాత అది ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే మిగతా సామాన్లన్నీ ఉన్నా లేనట్టే.

వీటితోపాటు మీరు కొని పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టార్చ్, వీలైతే తలకు పెట్టుకునేది. దళసరి చేతి తొడుగులు. హెచ్చరిక త్రికోణం. మెరిసే జాకెట్. జాకీ కింద వేయడానికి రెండు సెంటీమీటర్ల మందం, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్క. చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు. రోడ్డు పక్కన సరైన రాయి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

ఇప్పుడు నిజంగానే ఒక చక్రం విప్పి చూడండి. షాపుల్లో నట్లను గాలి గన్‌తో బిగిస్తారు. ఆ బిగింపు మీ వీల్ పానాతో ఊడుతుందో లేదో తెలిసేది ఇప్పుడే. ఊడకపోతే బండితో వచ్చిన పొట్టి పానాకు బదులు ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే నాలుగు చేతుల పానా గానీ, పొడవు పెంచుకోగలిగే పిడి ఉన్నది గానీ కొనుక్కోండి.

బండి ఎక్కడ ఆపాలి

నడుస్తుండగా టైరు ఒక్కసారిగా పేలితే బ్రేకు తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండిని తిన్నగా ఉంచుతూ వేగం దానంతట అది తగ్గనివ్వండి. బ్రేకు గట్టిగా తొక్కితే బండి దిగిన టైరు వైపు లాగేస్తుంది.

గాలి మెల్లగా దిగుతుంటే ఆనవాళ్లు వేరుగా ఉంటాయి. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, బరువెక్కుతుంది, లేదా వెనక భాగం ఊగినట్టనిపిస్తుంది. అలా అనిపించిన వెంటనే ఆపే చోటు వెతకండి. గాలి లేని టైరు మీద కిలోమీటరు దూరం వేగంగా వెళ్లినా దాని సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) రిమ్ముకు, రోడ్డుకు మధ్య నలిగి పనికిరాకుండా పోతుంది. చిన్న మేకు పంక్చర్‌తో పోయేది కొత్త టైరు కొనే దాకా వస్తుంది. అయితే ఒక్క మాట. మలుపులోనో, వంతెన మీదో, వేగంగా బండ్లు పోయే లేన్ పక్కనో ఉన్నప్పుడు టైరు కోసం అక్కడే ఆపేయకండి. నడక వేగంతో భద్రమైన చోటికి వెళ్లండి. టైరు పోతే పోనివ్వండి, రిమ్ము పోయినా పోనివ్వండి.

చదునైన, గట్టి నేల కావాలి. వాలులో జాకీ ఎత్తకండి. ఆపగానే హజార్డ్ లైట్లు వేయండి, అందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. త్రికోణాన్ని కనీసం 30 మీటర్లు వెనక, హైవే మీదైతే 100 మీటర్ల దాకా వెనక పెట్టండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక సెకనులోనే సుమారు 28 మీటర్లు వస్తుంది. అది తెలిస్తే ఆ దూరం ఎందుకో అర్థమవుతుంది. దిగిన టైరు ట్రాఫిక్ వైపు ఉండి, పక్కకు జరిగే చోటు లేకపోతే ఆ పని మీరు చేయకండి. సహాయానికి ఫోన్ చేసి దూరంగా వేచి ఉండండి.

ఇక హ్యాండ్ బ్రేకు. దీన్ని వేయకుండా గేరులో పెట్టి, లేదా ఆటోమేటిక్ అయితే పీలో పెట్టి సరిపోతుందనుకోవడం చాలా ప్రమాదకరం. గేరు పట్టు ఇంజిన్ నడిపే చక్రాల మీదే, అదీ డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ద్వారా పని చేస్తుంది. ముందు చక్రాలతో నడిచే బండికి ఒక ముందు చక్రాన్ని ఎత్తితే, అది గాల్లో తిరగగలదు కాబట్టి రెండోది కూడా దొర్లగలదు. బండి జాకీ మీంచి జారుతుంది. అందుకని హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి, మాన్యువల్ అయితే ఒకటో గేరులోనో రివర్స్‌లోనో, ఆటోమేటిక్ అయితే పీలో పెట్టండి, ఆపైన మీరు ఎత్తబోయే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందు ఒకటి, వెనక ఒకటి అడ్డు పెట్టండి. మూడూ చేయాలి.

నట్లు ముందు, జాకీ తర్వాత

వరస ఇది: చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి, తర్వాత ఎత్తాలి, అప్పుడు నట్లు పూర్తిగా తీయాలి. ఎత్తాక వదులు చేయబోతే చక్రం మీ బలానికి తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు వల్ల తిరగకపోతే బండే జాకీ మీద ఊగుతుంది.

ప్లాస్టిక్ వీల్ కవర్ ఉంటే అంచున స్క్రూడ్రైవర్ పెట్టి లేపండి. పానాను నట్టుకు పూర్తిగా లోపలిదాకా దిగేలా తొడగండి. సగం తొడిగి బలం వేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. చక్రానికి ఎదురుగా ఉన్నప్పుడు పానా పిడి ఎడమ చేతి వైపు, నేలకు సమాంతరంగా ఉండాలి. అప్పుడు కిందికి నొక్కితే నట్టు ఊడే దిశలో తిరుగుతుంది, మీ ఒంటి బరువూ పనికొస్తుంది. చేతులతో రాకపోతే పాదం పెట్టి నిదానంగా బరువు వేయండి. ఎగిరి తొక్కకండి, పానా జారితే మోకాలు పోతుంది. ఒక్కో నట్టును అర చుట్టు వదులు చేసి వదిలేయండి, పూర్తిగా తీయకండి.

జాకీ ఆనించే చోటు తలుపుల కింద, బండి అంచు వెంట ఉంటుంది. ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు, కింది రేకు అంచు మీద రెండేసి చిన్న గాట్లు కనిపిస్తాయి. ఆ రెండు గాట్ల మధ్య భాగం రేకు రెట్టింపు మందంతో గట్టిగా ఉంటుంది. జాకీ తలకాయ మీది గాడిలోకి ఆ అంచు కూర్చోవాలి. ఇంకెక్కడ పెట్టినా రేకు లోపలికి వంగుతుంది, లేదా ప్లాస్టిక్ పగులుతుంది. మీ బండికి ప్రత్యేకమైన చోటు ఉంటే యజమాని పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. కింద మట్టి మెత్తగా ఉంటే చెక్క వేయండి. జాకీ పాదం చిన్నది, దాని మీద పడే వందల కిలోల బరువు అంతా ఆ చిన్న చోటే దిగుతుంది కాబట్టి తడి నేలలో అది మీ కళ్లముందే కూరుకుపోతుంది.

జాకీ తలకాయ అంచుకు తగిలేదాకా చేత్తో తిప్పి, నిటారుగా ఉందో లేదో చూసుకుని అప్పుడు రాడ్డు పెట్టండి. బండి లేస్తున్నప్పుడు ఒకసారి ఆగి మళ్లీ చూడండి. జాకీ ఏ పక్కకైనా వాలుతుంటే దింపి మళ్లీ పెట్టండి, చేత్తో నెట్టి సరిచేయబోవద్దు. దిగిన టైరు నేలను వదిలినంత మాత్రాన చాలదు. గాలి ఉన్న స్టెప్నీకి ఇంకా నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు కావాలి.

ఈ దశలో స్టెప్నీని తెచ్చి జాకీ పక్కన బండి కిందికి అడ్డంగా తోసి పెట్టండి. ఒకవేళ జాకీ జారితే బండి నేల మీద కాకుండా స్టెప్నీ మీద పడుతుంది. మీ చేయి, కాలు, తల ఏదీ బండి కిందికి వెళ్లకూడదు. బండితో వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే తయారైంది, కింద మనిషి ఉండగా బరువు మోయడానికి కాదు.

నట్లు తీసి వీల్ కవర్‌లో వేయండి, మట్టిలో పడితే మరల్లో ఇసుక చేరుతుంది. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని లాగండి. నట్లన్నీ తీసినా చక్రం రాకపోవడం మామూలే. రిమ్ము మధ్య రంధ్రం, హబ్ (చక్రం కూర్చునే లోహపు భాగం) తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. కొందరు జాకీ మీద ఉన్న బండి చక్రాన్ని బలంగా తంతారు. అలా చేయకండి. నట్లన్నీ మళ్లీ చేత్తో ఎక్కించి, ఒక చుట్టు వదులుగా ఉంచి, జాకీ దింపండి. బండి బరువు చక్రం మీద పడగానే ఆ పట్టు చాలాసార్లు టక్కుమని విడుతుంది. విడకపోతే బండిని పక్కనుంచి అటూ ఇటూ ఊపండి. తర్వాత మళ్లీ ఎత్తి తీయండి. తీసిన చక్రాన్ని ఇప్పుడు స్టెప్నీ స్థానంలో బండి కిందికి తోసి, స్టెప్నీని బయటికి తీసుకోండి.

ఎక్కించడం, బిగించడం

హబ్ మీద తుప్పు పొక్కులు ఉంటే గుడ్డతోనో, వైరు బ్రష్‌తోనో తుడవండి. అక్కడ చిన్న రాయి ముక్క ఇరుక్కున్నా చక్రం వంకరగా కూర్చుంటుంది, కొంత దూరం పోయాక నట్లు వదులవుతాయి. స్టెప్నీని మోకాళ్ల మీద ఆనించి ఎత్తి బోల్టుల మీదికి తోయండి. కొన్ని బండ్లలో హబ్‌కు బోల్టులు బయటికి ఉండవు, విడి బోల్టులే చక్రంలోంచి లోపలికి వెళతాయి. అలాంటప్పుడు ముందు పై బోల్టు ఒకటి ఎక్కిస్తే చక్రం దాని మీద వేలాడుతుంది, మిగతావి సులువవుతాయి.

నట్టుకు ఏటవాలుగా ఉన్న వైపు చక్రం వైపుకు రావాలి. అన్నీ చేత్తోనే ఎక్కించండి. చేత్తో రెండు మూడు చుట్లు సాఫీగా తిరగని నట్టు మర తప్పి ఎక్కుతోందని అర్థం. దాన్ని వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. నట్లకు నూనె, గ్రీజు పూయకండి. పొడిగా ఉన్న మరలకు లెక్కవేసిన బిగింపునే కంపెనీ చెబుతుంది. నూనె ఉంటే అదే బలానికి నట్టు ఇంకా లోపలికి బిగిసి, బోల్టు సాగిపోతుంది.

నాలుగు నట్లుంటే ఎదురెదురుగా, అయిదు ఉంటే ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు, పానాతో కొద్దిగా బిగించండి. వరసగా చుట్టూ బిగిస్తే చక్రం ఒక పక్కకు కూర్చుంటుంది. తర్వాత కింద పెట్టిన చక్రం తీసేసి, బండి దింపి, అప్పుడు అదే వరసలో పూర్తి బలంతో బిగించండి.

పూర్తి బలం అంటే ఎంత? చాలా చిన్న, మధ్యరకం కార్లకు 90 నుంచి 120 న్యూటన్ మీటర్లు చెబుతారు. మీ బండి అంకె యజమాని పుస్తకంలో ఉంటుంది. టార్క్ పానా (ఎంత బలంతో బిగుస్తోందో చూపే పానా) లేకపోతే ఒక ఉజ్జాయింపు ఉంది. 30 సెంటీమీటర్ల పానా పిడి చివర 34 కిలోల బరువు ఆనిస్తే సుమారు 100 న్యూటన్ మీటర్లు అవుతుంది. పిడిని కుడివైపు నేలకు సమాంతరంగా పెట్టి, రెండు చేతులతో ఒంటి బరువులో సగం వేసి నొక్కితే దాదాపు అంతే. అదే 70 కిలోల మనిషి పిడి మీదికెక్కి నిలబడితే అది 200 దాటుతుంది. బోల్టులు సాగడానికి, బ్రేకు డిస్క్ వంకరపోవడానికి అది చాలు. ఎక్కువ బిగిస్తే ఎక్కువ భద్రం అనే భావన ఇక్కడ చెల్లదు.

50 నుంచి 100 కిలోమీటర్లు పోయాక నట్లు మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడండి. కొత్తగా కూర్చున్న చక్రం కాస్త సర్దుకుంటుంది కాబట్టి ఒకటో రెండో పావు చుట్టు తిరగడం సహజమే. చక్రం వైపు నుంచి టకటక చప్పుడు వినిపిస్తే మాత్రం అక్కడే ఆపి చూడండి.

సన్నటి స్టెప్నీ వేసుకుంటే

తాత్కాలిక స్టెప్నీ మీద గంటకు 80 కిలోమీటర్లు మించకూడదని దాని పక్కనే రాసి ఉంటుంది. దాని పట్టు తక్కువ, కాబట్టి బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. దాని చుట్టుకొలత కూడా సాధారణంగా మిగతా చక్రాలకంటే తక్కువ. నడిపే చక్రాల జతలో అది ఉంటే రెండు పక్కల చక్రాల వేగం తేడాను సర్దడానికి డిఫరెన్షియల్ ఆగకుండా పని చేసి వేడెక్కుతుంది. ముందు చక్రాలతో నడిచే బండిలో ముందు టైరే దిగి, మీరు ఇంకా చాలా దూరం వెళ్లాల్సి ఉంటే, వెనక ఉన్న మంచి చక్రాన్ని ముందుకు తెచ్చి స్టెప్నీని వెనక వేయడం మేలు. రెండుసార్లు జాకీ ఎత్తాలి, నిజమే. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో షాపు ఉంటే అంత అక్కర్లేదు.

స్టెప్నీకి బదులు సీలెంట్ డబ్బా, చిన్న గాలి పంపు ఇచ్చే బండ్లు కూడా ఉన్నాయి. ఆ ద్రవం రోడ్డుకు ఆనే గ్రిప్పు భాగంలో పడిన చిన్న రంధ్రాన్నే మూస్తుంది, సైడ్‌వాల్ చీలితే ఏమీ చేయలేదు. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. సీలెంట్ పోశారని పంక్చర్ వేసే వాళ్లకు ముందే చెప్పండి. లోపల కడిగితే తప్ప ప్యాచ్ అతకదు.

ఏ పంక్చర్ వేయించవచ్చు, ఏది కాదు

టైరులో మేకు కనిపించి గాలి మాత్రం దిగడం లేదంటే దాన్ని దారిలో పీకకండి. ఆ మేకే రంధ్రాన్ని మూసి ఉంచుతోంది. గాలి చూసుకుంటూ నిదానంగా షాపుదాకా వెళ్లండి.

రంధ్రం గ్రిప్పు మధ్య భాగంలో ఉండి, 6 మిల్లీమీటర్లు మించకపోతే వేయించవచ్చు. అంచు మలుపులో గానీ, సైడ్‌వాల్‌లో గానీ ఉంటే వేయించకూడదు. గ్రిప్పు కింద ఉక్కు తీగల పొరలు ఉంటాయి, అవి ఆ భాగాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. సైడ్‌వాల్‌లో అవి ఉండవు, పైగా చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగి లేస్తుంది. అక్కడ వేసిన ప్యాచ్ ఏదో ఒక రోజు వేగంలో ఊడుతుంది. సైడ్‌వాల్ మీద బుడిపె లేచినా అంతే. లోపలి దారాలు తెగి, గాలి పై రబ్బరును తోస్తోందన్నమాట. దానికి రిపేరు లేదు.

వేసే పద్ధతులు రెండు. బయటినుంచి జిగురు స్ట్రిప్ గుచ్చడం ఒకటి. టైరు విప్పి లోపలినుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్ వేయడం రెండోది. మొదటిది పది నిమిషాల్లో అవుతుంది, అందుకే అందరూ అదే వేయించుకుంటారు. కానీ టైరు విప్పితే తప్ప లోపల ఏం జరిగిందో తెలియదు. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరు లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది, సైడ్‌వాల్ లోపలి వైపు వలయంలా గీరుకుపోయి ఉంటుంది. అలాంటిది బయటికి కొత్తదానిలా కనిపించినా వాడకూడదు. కాబట్టి స్ట్రిప్‌ను ఇంటికి చేరడానికి వాడండి, ఆ తర్వాత వీలైనంత త్వరగా లోపలి ప్యాచ్ వేయించండి.

స్ట్రిప్ మీరే వేసుకోవాల్సి వస్తే: సబ్బు నీళ్లు పోసి బుడగలు వచ్చే చోట గుర్తు పెట్టండి. మేకు ఏ వాలులో దిగిందో చూసి, పటకారుతో అదే వాలులో లాగండి. రీమర్‌ను (రంధ్రాన్ని గరుకు చేసే సూది లాంటి పనిముట్టు) కూడా ఆ వాలులోనే దింపి, ఎనిమిది పది సార్లు లోపలికి బయటికి తిప్పుతూ ఆడించండి. స్ట్రిప్‌ను సూది కన్నంలో సగందాకా లాగి, సొల్యూషన్ రాసి, రెండు కొసలు ఒకటిన్నర సెంటీమీటర్లు బయట మిగిలేదాకా గుచ్చండి. సూదిని తిప్పకుండా ఒక్క ఊపున బయటికి లాగండి, స్ట్రిప్ లోపల ఉండిపోతుంది. కొసలను మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోసి, గాలి పెట్టి, మళ్లీ సబ్బు నీళ్లతో చూడండి.

రోజుకు రెండు మూడు పీఎస్‌ఐ దిగుతూ ఎక్కడా మేకు కనపడకపోతే వాల్వ్ మీద సబ్బు నీళ్ల చుక్క వేయండి. బుడగ లేస్తే లోపలి పిన్ను మార్చితే సరిపోతుంది. వాల్వ్ మొదట్లో రబ్బరు పగిలి ఉంటే వాల్వే మార్చాలి. అక్కడా కాకపోతే రిమ్ము అంచు తుప్పు పట్టో, గుంతలో పడి వంగో టైరు అంచు సరిగా అతకడం లేదు.

గాలి

బండి బరువు మోసేది టైరు లోపలి గాలే. అది తగ్గితే సైడ్‌వాల్ ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. నిండా మనుషులు, సామాన్లతో ఎండలో హైవే మీద పేలే టైర్ల వెనక ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది. నిండు బరువుకు అందులోనే వేరే అంకె ఇస్తారు. మామూలు టైరు మీద అచ్చువేసిన పీఎస్‌ఐ అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, అది మీరు పెట్టాల్సింది కాదు.

గాలి చల్లటి టైరులో చూడాలి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. నడిచిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే రాత్రి చల్లబడ్డాక తక్కువైపోతుంది. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడినా దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ కోల్పోతుంది. అందువల్ల నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి చూడండి. సొంత గేజ్ కొనుక్కోండి. నైట్రోజన్ గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

డాష్‌బోర్డు మీద టైరు దీపం నిలకడగా వెలిగితే గాలి తక్కువ. బండి తీయగానే నిమిషం పైగా మినుకుమని తర్వాత నిలకడగా వెలిగితే సాధారణంగా సెన్సర్ల వ్యవస్థలో లోపం. కొన్ని బండ్లలో చక్రాల్లో సెన్సర్లే ఉండవు. చక్రాల వేగం పోల్చి గాలి తగ్గిందని ఊహిస్తాయి. నాలుగు టైర్లూ ఒకేలా దిగితే వాటిలో చాలావాటికి తెలియదు. గాలి పెట్టాక రీసెట్ కూడా మీరే చేయాలి.

అరుగుదల చెప్పే సంగతులు

గ్రిప్పు గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి. రబ్బరు అరిగి వాటి ఎత్తుకు వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలింది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనిష్ఠం అదే. కొత్త టైరుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. వాన నీళ్లను పక్కకు నెట్టే శక్తి 3 మిల్లీమీటర్ల దగ్గరే బాగా తగ్గిపోతుంది. అందుకని వానాకాలం ముందు 3 కంటే తక్కువుంటే మార్చేయండి, దిమ్మలు తగిలేదాకా ఆగకండి.

మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నారు. రెండు అంచులూ అరిగితే తక్కువ. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. అలలు అలలుగా, గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు గానీ బ్యాలెన్సింగ్ గానీ చూపించాలి. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తే నాలుగూ సమంగా అరుగుతాయి. తిరిగే దిశ బాణం ఉన్న టైర్లను మాత్రం పక్క మార్చకూడదు.

గ్రిప్పు బాగున్నా వయసు చూడాలి. సైడ్‌వాల్ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. అయిదేళ్లు దాటాక ఏటా పగుళ్ల కోసం చూపించండి. పదేళ్లు దాటితే స్టెప్నీ అయినా సరే తీసేయండి. కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చదవండి.

సైజు 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉంటే 185 మిల్లీమీటర్ల వెడల్పు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, 15 అంగుళాల రిమ్ము, ఒక్కో టైరు మోయగల బరువు 560 కిలోలు, వేగం గంటకు 210 కిలోమీటర్ల దాకా అని అర్థం. చివరి రెండూ కంపెనీ వేసిన దానికంటే తక్కువున్నవి వేయించకండి.

రెండే టైర్లు కొంటే కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలతో నడిచే బండికి ముందే వేయాలని షాపులో అనవచ్చు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి సర్దుకోగలరు. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.

షాపులో ఎక్కించాక నట్లను గన్‌తో వదిలేయకుండా చివరి బిగింపు టార్క్ పానాతో వేయమనండి. తర్వాత మీ డిక్కీలోని వీల్ పానా తీసి, వాళ్ల ముందే ఒక్కో చక్రానికి ఒక నట్టు వదులు చేసి చూడండి. ఊడితే మళ్లీ బిగించమనండి, లాక్ నట్టు ముక్క తీసుకుని డిక్కీలో పెట్టుకుని బయల్దేరండి.